పక్షుల కన్నవారిల్లు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గరగా తేలినీలాపురం అని ఒక ఊరున్నది. ఊరు చిన్నదే గాని దాని పేరు పెద్దది. ఏటా వానలు వెనకబట్టే వేళకు, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, ఆ ఊరి చింతచెట్ల మీదికీ, తక్కిన పెద్ద చెట్ల మీదికీ వందలకొద్దీ పక్షులు వచ్చి వాలుతాయి. అవి పిచికలూ గోరువంకలూ కావు. ఒక్కొక్కటీ చంటిపిల్లవాడంత ఉంటుంది.

వాటిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి గూడబాతు. దాని ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. చేపలున్న నీళ్లను ఆ సంచితో తోడుకుని, నీళ్లను బయటికి వదిలి, చేపలను మింగుతుంది. రెండోది ఎర్రకాళ్ల కొంగ. పసుపుపచ్చని ముక్కు, తోక దగ్గర ఎవరో కుంచెతో అద్దినట్టు గులాబీరంగు. ఈ రెండు జాతులూ ఒకే చెట్టు మీద పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటాయి, గుడ్లు పెడతాయి, పిల్లలను పెంచుతాయి. ఉగాది వచ్చి ఎండలు ముదిరేనాటికి పిల్లలతో సహా వెళ్లిపోతాయి.

ఆ ఊరివాళ్లు ఈ పక్షులను తరమరు. ఎవరినీ కొట్టనివ్వరు. ఇళ్ల మీద రెట్టలు పడతాయి. ఆరు నెలలపాటు ఊరంతా చేపల కంపు కొడుతుంది. అయినా విసుక్కోరు. పైగా, “మా ఆడపిల్లలు పురిటికి వచ్చారు,” అని చెప్పుకుంటారు. ఒక ఏడు పక్షులు ఆలస్యం చేస్తే, ఆ ఊరి ముసలమ్మలు రోజూ ఆకాశంకేసి చూస్తారు.

ఈ మాట నేను ఉద్యోగంలో చేరిన ఏడే విన్నాను. కాని విన్నమాటను పట్టుకుని ఆలోచించడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. అది కూడా ఒక చిన్నపిల్ల ఆలోచింపజేస్తే ఆలోచించాను. ఆ సంగతే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను 1986లో, తేలినీలాపురానికి కొంత దూరంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి బడిలో ఉపాధ్యాయుడుగా చేరాను. రెండు గదులు, ఒక వసారా, ముందు ఇసుక ఆవరణ. అయిదు తరగతులకు మేం ఇద్దరం పంతుళ్లం. ఊళ్లో ఎక్కువమంది చేపలు పట్టేవాళ్లు. మిగిలినవాళ్లు నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లు.

1994లో, నవంబరు నెలలో, నాలుగో తరగతికి పక్షుల వలస గురించి పాఠం చెప్పాను. నేను టీచర్ ట్రైనింగు పూర్తిచేసిన వాణ్ణి. పాఠం ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసుననే అనుకునేవాణ్ణి. బల్లమీద గ్లోబు పెట్టాను. పైన తెల్లగా ఉన్న చోటును వేలితో చూపించి, “ఇది సైబీరియా,” అన్నాను. అక్కడ ఎంత చలో, నదులు ఎలా గడ్డకట్టుకుపోతాయో, ఎన్ని నెలలు మంచు కురుస్తుందో వర్ణించి చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకు విన్నారు. “ఆ చలికి తాళలేక మన తేలినీలాపురం పక్షులు వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వస్తాయి,” అని ముగించాను.

ఇది నేను కల్పించి చెప్పింది కాదు. నాకు మా పంతులుగారు అలాగే చెప్పారు. ఊళ్లో అందరూ అలాగే అనేవారు. ఈనాటికీ ఆ పక్షులను “సైబీరియా పక్షులు” అనేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

రెండో వరుసలో కూర్చునే ఒక పిల్ల లేచి నిలబడింది. మామూలుగా నోరు మెదపని పిల్ల.

“మాస్టారండీ, ఆ పిట్టలు ఇక్కడే గుడ్లెడతాయి గదండీ?” అన్నది.

“అవును,” అన్నాను.

“పిల్లల్ని కూడా ఇక్కడే పెంచుతాయి గదండీ?”

“అవును. అయితే?”

“మా అప్ప పురుటికి మా ఇంటికే వచ్చిందండి. అత్తోరింటికాడ పురుడు పోసుకోలేదండి. మరి ఆ పిట్టలు ఇక్కడ పురుడు పోసుకుంటే, ఆటి కన్నోరిల్లు ఇదే గదండీ? సైబీరియా ఎలగవుతాదండి?”

మా ప్రాంతంలో పుట్టింటిని కన్నవారిల్లు అంటారు. ఆ పిల్ల అడిగింది సరిగ్గా శాస్త్రజ్ఞుడు అడగవలసిన ప్రశ్న. కాని ఆ క్షణాన నాకు అలా తోచలేదు. పాఠం చక్కగా ముగించినవాడికి మధ్యలో ఎవరో కాలు అడ్డం పెట్టినట్టు తోచింది. “పక్షులకు కన్నవారిళ్లూ, అత్తవారిళ్లూ ఉంటాయా? కూర్చో!” అన్నాను. పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ పిల్ల కూర్చున్నది. ఆ తరువాత ఆ నెలలో గాని, మరుసటి నెలలో గాని మళ్లీ చెయ్యెత్తలేదు.

ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ట్రైనింగులో మాకు మొట్టమొదట నేర్పిన సూత్రం ఏమిటంటే, పిల్లలకు తెలిసినదానితో మొదలుపెట్టి తెలియనిదానికి తీసుకుపోవాలని. నేను సైబీరియాతో మొదలుపెట్టాను. అది ఆ పిల్లలకే కాదు, నాకూ తెలియదు. ఆ పిల్ల తన అప్ప పురుడుతో మొదలుపెట్టింది.

సంక్రాంతి సెలవులలో శ్రీకాకుళం వెళ్లి, గ్రంథాలయంలో సలీం అలీ రాసిన “బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్” తీయించాను. అది 1941లో మొదటిసారి అచ్చయింది. మన దేశపు పక్షులను గురించి తెలుసుకోవాలనుకునే వాళ్లకు అది పెద్దబాలశిక్ష వంటిది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మన గూడబాతుకు సైబీరియాతో సంబంధమే లేదు! ఆ జాతి నివాసం ఇండియా, శ్రీలంక, ఇంకా తూర్పున కంబోడియా వంటి దేశాలు. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే, ఈ దక్షిణాసియా పక్షే. పిల్లలు ఎదిగాక ఇవి దేశంలోని వేరే చెరువులకూ సరస్సులకూ చెదిరిపోతాయి. మళ్లీ గూడు కట్టే ఋతువుకు నమ్మకమైన చెట్లను వెతుక్కుంటూ వస్తాయి.

సెలవులు అయాక, బడి తెరిచిన రోజున, ప్రార్థన కాగానే నాలుగో తరగతి ఎదుట నిలబడి, “నవంబరులో నేను చెప్పింది తప్పు. ఈ పిల్ల అడిగిందే ఒప్పు,” అన్నాను. ఇలాంటి సమయంలో పిల్లలు చప్పట్లు కొడతారని కథల్లో రాస్తారు. మా తరగతిలో ఎవరూ కొట్టలేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బెంచీ కుర్రవాడు ఒకడు, “అయితే పరీక్షలో ఏటి రాయాలండీ?” అని అడిగాడు. ఆ పిల్ల మాత్రం తల వంచుకుని పలక మీద ఏదో గీస్తూ కూర్చున్నది. పంతులు తప్పు ఒప్పుకున్నంత మాత్రాన, నవ్వులపాలైన పిల్ల ఆ పూటకా పూటే కుదుటపడదు. ఆమె మళ్లీ చెయ్యెత్తడానికి ఫిబ్రవరి దాకా పట్టింది.

ఆ ఫిబ్రవరిలోనే పిల్లలను తేలినీలాపురం తీసుకుపోయాను. గూళ్లలో పిల్లలు బాగా ఎదిగి ఉన్నాయి. గూడబాతు పిల్ల తిండి తినడం మీరు చూశారా? తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలను, మెడదాకా, తల్లి ముక్కుసంచిలోకి దూర్చేస్తుంది. మావాళ్లు అది చూసి, “తల్లి పిల్లను మింగేస్తున్నది!” అని కేకలు పెట్టారు. పెద్దపక్షులు నౌపడ చిత్తడినేలల వైపు ఎగిరిపోవడమూ, అరగంటకో గంటకో తిరిగి రావడమూ లెక్క పెట్టారు. అప్పుడు, “అక్టోబరు నుంచి మార్చి వరకే ఇక్కడ పిల్లలను ఎందుకు పెంచుతాయి?” అని అడిగాను. రకరకాల జవాబులు వచ్చాయి. చేపలు పట్టేవాళ్ల పిల్లలే సరైన జవాబు చెప్పారు: వానలకు చెరువులూ మడుగులూ నిండుతాయి, చేపలు పెరుగుతాయి, తరువాత నీళ్లు తగ్గుతూ వస్తే చేపలు ఒకచోట గుమిగూడి సులువుగా దొరుకుతాయి. పట్టే వాడికైనా అంతే, పక్షికైనా అంతే.

మా జిల్లాలోనే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అని ఇంకొక ఊరున్నది. అక్కడికీ కొంగలు వస్తాయి, అయితే వాటి పంచాంగం వేరు. అవి తొలకరికే వచ్చేస్తాయి. ఎందుచేత? అవి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను గుల్లలోంచి లాగడంలో ఆ ముక్కుకు సాటిలేదు. వానలు పడి వరిమళ్లు నిండితేనే నత్తలు బయటికి వస్తాయి. అందుచేత ఆ కొంగకు వానకాలమే పురుళ్ల కాలం. పిల్లకు తిండి ఎప్పుడు దొరుకుతుందో అప్పుడే గుడ్డు. ఇవి సైబీరియా పక్షులు కాకపోయినా ఇంటిపట్టున ఉండే రకం మాత్రం కాదు. థాయిలాండులో కాలికి గుర్తు వేసి వదిలిన నత్తగుల్ల కొంగ బంగ్లాదేశ్‌లో దొరికింది.

ఆనాటి నుంచి మా తరగతిలో ఒక సూత్రం పెట్టుకున్నాం: “గుడ్డు ఎక్కడో, ఇల్లు అక్కడ.” ఏ పక్షి కనిపించినా పిల్లలు ముందు దాని గూడు ఎక్కడ ఉన్నదని వెతికేవారు.

“అయితే సైబీరియా నుంచి మనకు ఏ పక్షీ రాదా?” అని అనుమానం రావచ్చు. వస్తుంది. ఆ మాటకొస్తే, అది మా బడి ఆవరణలోనే, మా ముక్కు కిందే తిరుగుతున్నది!

మీరూ దాన్ని చూసే ఉంటారు. పిచికకన్న సన్నగా, కాస్త పొడుగ్గా, తెలుపు, నలుపు, బూడిద రంగులతో ఉంటుంది. నేలమీద గబగబా పరుగెత్తుతుంది. ఆగినప్పుడల్లా తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది. మా పిల్లలు దాన్ని తోకాడించే పిట్ట అనేవాళ్లు. దసరా ముందో వెనకో వచ్చి, ఎండలు ముదిరే వేళకు కనిపించకుండా పోతుంది. ఒక చలికాలమంతా మావాళ్లు దాని గూటికోసం వెతికారు. కాకి గూడు దొరికింది, పిచిక గూడు దొరికింది, తాటాకుకు వేళ్లాడే గిజిగాడి గూళ్లు దొరికాయి. తోకాడించే పిట్ట గూడు ఒక్కటీ దొరకలేదు. దొరకదు, అది ఇక్కడ గూడు కట్టదు గనక. (వాగుల పక్కన కాస్త పెద్దది, నల్లని తలా తెల్లని కనుబొమలూ ఉన్న పిట్ట ఒకటి తిరుగుతూంటుంది. అది దీనికి దాయాదే, కాని సంవత్సరం పొడుగునా ఇక్కడే ఉండి ఇక్కడే గూడు కడుతుంది. మొదట్లో ఆ రెంటినీ నేను ఒకటే అనుకుని పిల్లల చేత చీవాట్లు తిన్నాను.)

మా ఆవరణలోకి వచ్చే పిట్ట జాతిలో కొన్ని హిమాలయాలలో గుడ్లు పెడతాయి. కొన్ని ఆ కొండలకు ఆవల, సైబీరియా దాకా పోతాయి. దాని బరువెంతో తెలుసా? ఇరవై గ్రాములు, ఇంచుమించుగా. ఆ రోజుల్లో అయిదు రూపాయల నాణెం మందంగా ఉండేది. తొమ్మిది గ్రాములు తూగేది. ఒక్కొక్క పిల్లనూ పిలిచి, అరచేతిలో రెండు నాణాలు పెట్టి కళ్లు మూసుకోమనేవాణ్ణి. “ఇంతేనాండీ?” అనేవాళ్లు. ఇంతే. ఈ కాస్త బరువూ ఏటా రెండుసార్లు అంత దూరం ఎగురుతుంది. నా గ్లోబు చేయలేని పని ఆ రెండు నాణాలు చేశాయి.

“చలికి తాళలేక వస్తుంది” అన్నానే, అదికూడా సగమే నిజం. ఈకలు దట్టంగా ఉంటే పక్షి చాలా చలిని ఓర్చుకోగలదు. ఆకలిని ఓర్చుకోలేదు. నేల మంచుతో కప్పుకుపోతే పురుగులు దొరకవు. అందుకని దక్షిణానికి వస్తుంది. మరి ఇక్కడే ఉండిపోక మళ్లీ ఎందుకు పోవాలి? ఉత్తరాన వేసవిలో పగలు చాలా పొడుగు. అక్కడి చిత్తడినేలల్లో పురుగులు లెక్కలేనన్ని పుడతాయి. పొద్దు పొడుగునా పిల్లల నోట్లో పురుగులు పెట్టవచ్చు. బయలుదేరేముందు బాగా తిని ఒంట్లో కొవ్వు నింపుకుంటుంది. మనం ప్రయాణానికి పులిహోర మూట కట్టుకున్నట్టు, దాని మూట దాని చర్మం కిందే ఉంటుంది.

పక్షులు ఎక్కడికి పోతాయన్నది పూర్వం మహామహులకే తెలియలేదు. అరిస్టాటిల్ అంతటివాడు, కొన్ని పక్షులు చలికాలంలో కన్నాలలో దాక్కుంటాయనీ, ఒక జాతి పక్షి ఇంకొక జాతిగా మారిపోతుందనీ నమ్మాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో చార్లెస్ మోర్టన్ అనే ఆయన, పక్షులు చంద్రలోకానికి పోతాయనీ, ఆ ప్రయాణానికి అరవై రోజులు పడుతుందనీ రాశాడు. ఈ ముక్క చెబితే మావాళ్లు పడీపడీ నవ్వేవారు. “నవ్వకండి, మీ మాస్టారు సైబీరియా అన్నాడు,” అనేవాణ్ణి.

1822లో జర్మనీలో క్లూట్స్ అనే ఊరి దగ్గర ఒక తెల్లకొంగ దొరికింది. దాని మెడలో ఎనభై సెంటీమీటర్ల పొడుగు బాణం ఒకటి దిగబడి ఉన్నది. ఆ బాణపు కర్ర ఆఫ్రికాది! ఆఫ్రికాలో ఎవడో కొట్టిన బాణాన్ని మెడలో మోసుకుంటూ అది అంతదూరం వచ్చిందన్నమాట. చలికాలంలో కొంగలు ఎక్కడ ఉంటాయో అది స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పింది. దాన్ని రోస్టాక్ విశ్వవిద్యాలయంలో భద్రపరిచారు.

అయితే ప్రతి పక్షికీ బాణం వేసి పంపలేం గదా! దానికి మంచి ఉపాయం కనిపెట్టిన వాడు ఒక బడిపంతులు. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. డెన్మార్కులో వీబోర్గ్ అనే ఊళ్లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన 1890లో గోరువంక జాతి పిట్టల కాళ్లకు జింకు కడియాలు తొడిగి చూశాడు. అవి బరువెక్కువై పిట్టలకు ఇబ్బందయింది. ఆయన ఆ పని ఆపేసి, తొమ్మిదేళ్లు ఓపిక పట్టి, 1899లో తేలికైన అల్యూమినియం కడియాలు చేసి 165 పిట్టలకు తొడిగాడు. ఒక్కొక్క కడియం మీద ఒక్కొక్క అంకె, చిరునామా. దొరికినవాడు ఉత్తరం రాస్తే చాలు, ఏ పిట్ట ఎంతదూరం పోయిందో తెలిసిపోతుంది. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో ఈ పని మొదలుపెట్టింది.

అంతదూరం దారి ఎలా తెలుస్తుంది? సూర్యుడూ, చుక్కలూ, భూమిలోని అయస్కాంతశక్తీ, ఈ మూడూ వాటికి దిక్కు చూపుతాయి. చుక్కల సంగతి ఎలా తేలిందో వినండి, తమాషాగా ఉంటుంది. 1960లలో అమెరికాలో ఎమ్లెన్ అనే శాస్త్రజ్ఞుడు గరాటు ఆకారంలో పంజరం చేశాడు. అడుగున సిరా పూసిన మెత్త, చుట్టూ గోడలకు అద్దుడు కాగితం. వలసకాలం వచ్చినప్పుడు లోపలి పిట్ట తాను పోదలచిన దిక్కుకే ఎగిరెగిరి పడుతుంది. ఆ వైపు కాగితం మీద సిరా కాళ్లగుర్తులు పడతాయి. పిట్ట తన ప్రయాణాన్ని తానే రాసి ఇచ్చిందన్నమాట! తరువాత ఆయన కొన్ని పిల్లపిట్టలను పెంచి, వాటికి కృత్రిమ ఆకాశం చూపించాడు. అందులో చుక్కలన్నీ ధ్రువనక్షత్రం చుట్టూ కాక, మనం ఆరుద్ర అనే నక్షత్రం చుట్టూ తిరుగుతాయి. వలసకాలం వచ్చేసరికి ఆ పిట్టలు ఆరుద్ర ఉన్న వైపే ఉత్తరమని నమ్మి, దానికి ఎదురు దిక్కుకు ఎగరబోయాయి. చిన్నప్పుడు ఏ చుక్క చూపిస్తే అదే ఉత్తరం! ఈ ప్రయోగం గురించి చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. నేను నాలుగో తరగతి పంతుల్ని.

ఇప్పుడు కడియాలకు తోడు చిన్న యంత్రాలు వచ్చాయి. పక్షి వీపుకు కడితే, అది ఎక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా తెలుస్తుంది. 2012లో నాగాలాండులో దోయాంగ్ జలాశయం దగ్గర అమూర్ డేగలను వలలు పన్ని వేలకు వేలు చంపారు. ఆ సంగతి బయటపడ్డాక ఊరి పెద్దలు కట్టుబాటు చేసుకున్నారు. బడిపిల్లలకు పాఠాలు చెప్పారు. 2013లో వేట ఆగిపోయింది. ఆ ఏడే మూడు డేగలకు యంత్రాలు కట్టి, నాగా, వోఖా, పాంగ్తి అని వాటికి ఆ తావు పేర్లే పెట్టారు. అవి మన ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆగకుండా ఆఫ్రికా చేరాయి. పేపర్లో వచ్చిన ఆ వార్తను కత్తిరించి బడి గోడకు అంటించాను. ఇక 2022లో అయిదు నెలల వయసున్న గాడ్‌విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు పదకొండు రోజుల్లో ఎక్కడా వాలకుండా ఎగిరింది. అప్పటికి నేను పదవీ విరమణ చేసి ఏడాదయింది. చెప్పుకోవడానికి ఎదురుగా తరగతి లేదే అని చాలా ఇదయ్యాను.

మళ్లీ మా తోకాడించే పిట్ట దగ్గరికి వస్తాను. 1995 చివర ఒకరోజున నల్లబల్ల మీద “వలస” అని పెద్ద అక్షరాలతో రాసి, “ఈ మాటకు అర్థం ఎవరికి తెలుసు?” అన్నాను. ఒక్కరికీ తెలియదనుకున్నాను. తరగతిలో దాదాపు అందరూ చేతులెత్తారు. అయితే చేతులెత్తిన పిల్లల మొహాలలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

“మా నాన్న గుజరాత్ పోయినాడండి,” అన్నాడొకడు. “మా బాబాయి కూడానండి,” అన్నాడు ఇంకొకడు.

మా తీరం నుంచి ఏటా వందలమంది వేరావల్ రేవుకు పడవల మీద పనికి పోతారు. ఆగస్టు నెలలో పోతే ఏప్రిల్‌కో, ఆ తరువాతో గాని తిరిగిరారు. నేను తొమ్మిదేళ్లుగా హాజరు పిలుస్తున్నాను. పిల్లలను ఎవరు దిగబెడుతున్నారో, సంతకం ఎవరు పెడుతున్నారో చూస్తూనే ఉన్నాను. ఆ మాటను మాత్రం పక్షుల పాఠంలోని కొత్త మాట అనుకున్నాను.

ఇదివరకు చెప్పిన పిల్ల అప్పటికి అయిదో తరగతి. రెండు తరగతులకూ ఒకటే గది గనక ఆమె కూడా వింటున్నది. “మాస్టారండీ, తేలినీలాపురం పిట్టలకి ఇది కన్నోరిల్లు. తోకాడించేదానికి ఇది వేరావలండి,” అన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజునే ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి, మూడు గళ్లు గీశాను. సంవత్సరం, పిట్ట వచ్చిన తేదీ, పిట్ట వెళ్లిన తేదీ. పిట్ట రావడం దాదాపు ప్రతి ఏడూ నేనే ముందు చూసేవాణ్ణి. పొద్దున్నే వచ్చి బడి తలుపు తీసేది నేనే కదా. ఒక ఏడు సెప్టెంబరు చివర, ఒక ఏడు అక్టోబరు మొదటివారం, ఇలా ఆ గడి అంతా నా దస్తూరీతోనే నిండింది. వెళ్లిన తేదీతోనే చిక్కు వచ్చింది. వచ్చిన రోజు ఆ రోజే తెలుస్తుంది. వెళ్లిన రోజు మాత్రం మర్నాడు రాకపోతే గాని తెలియదు. దీనికి పిల్లలే ఉపాయం కనిపెట్టారు. మార్చి నెల మొదలుకొని, పిట్ట కనిపించిన ప్రతిరోజూ ఆ రోజు తేదీ రాసి, ముందురోజు తేదీ కొట్టివేసేవారు. కొట్టివేయకుండా మిగిలిపోయినదే వెళ్లిన తేదీ.

ఆ పనికి ఎవరి వంతు అని నేను ఎన్నడూ వంతులు వేయలేదు. “ఈ పిట్ట పోతే మా నాన్న వస్తాడండి,” అనేవాళ్లు. మార్చి వచ్చిందంటే చాలు, గుజరాత్ వెళ్లినవాళ్ల పిల్లలు బడిగంటకన్న ముందే వచ్చి ఆవరణలో నిలబడేవారు. పిట్ట కనిపిస్తే ఉసూరుమని లోపలికి వచ్చి, నిన్నటి తేదీ కొట్టివేసి ఇవాళ్టి తేదీ రాసేవారు.

2021లో పదవీ విరమణ చేసేటప్పుడు ఆ పుస్తకాన్ని బడికే వదలబోయాను. తరువాత వచ్చిన పంతులమ్మగారు, “మేం కొత్తది మొదలుపెడతాం, ఇది మీరు ఉంచుకోండి,” అన్నది. ఇప్పుడు నా బల్లమీదే ఉన్నది. ఆ మూడో గడిలో ప్రతి ఏటికీ కొట్టివేసిన తేదీలు పది పదిహేను ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క పిల్ల దస్తూరీ. కొన్నిచోట్ల కొట్టివేసిన గీత ఎంత గట్టిగా పడ్డదంటే, కాగితం చిరిగి వెనకపేజీ కనిపిస్తున్నది.